సకినాలు ఆరేదాకా

మా ఆవిడ చేతివంట లోకానికి చూపించాలని ఛానెల్ పెట్టానని అందరితో చెప్పాను. మీకు మాత్రం నిజం చెబుతాను. లోకానికి నన్ను చూపించుకోవాలనే పెట్టాను. సూర్యాపేటలో హైవే పక్కన చాయ్ తాగుతుంటే, విజయవాడ బస్సు దిగినవాళ్లు నన్ను చూసి "మీరు ఆ వీడియోల సారే కదా!" అనాలి. అదీ నా కోరిక. వంట ఆమెకొచ్చు, ఫోను పట్టుకోవడం నాకొచ్చు. ఫోను చేతికొచ్చిన మగవాడికి తాను దర్శకుడినన్న నమ్మకం కలగడానికి ఎంతసేపు పడుతుంది? మీ ఇళ్లల్లోనూ ఈపాటికి ఒకరు తయారై ఉంటారు.

ఆశపడటానికి ఆధారాలు లేకపోలేదు. వాహ్ చెఫ్ సంజయ్ తుమ్మ 2007లోనే దారి వేశాడు. గుంటూరు జిల్లా గుడివాడ అనే పల్లెలో నూరేళ్లు దాటిన మస్తానమ్మ ఆరుబయట కట్టెల పొయ్యి మీద వండుతుంటే, 2016 నుంచి కంట్రీ ఫుడ్స్‌లో ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసేనాటికి ఆ ఛానెల్‌కు పది లక్షల మంది పైచిలుకు చేరారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ మై విలేజ్ షోలో తన మాట తాను మాట్లాడి, 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి నడిచింది. వీళ్లను తెల్లవార్లూ చూశాను. మస్తానమ్మ అల్లం పొట్టు గోళ్లతో తీస్తుంటే నేనూ కళ్లార్పలేదు. కానీ నా కళ్లను అక్కడ కట్టిపడేసింది ఆ గోళ్లేనని నా బుర్రకు తట్టలేదు.

నా బుర్ర లెక్కల్లో ఉంది. ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు కావాలి, ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం చూడాలి. 2018 నుంచి యూట్యూబ్ నియమం ఇది. నాలుగు వేల గంటలంటే 2,40,000 నిమిషాలు. మనిషికి మూడు నిమిషాల చొప్పున చూసినా 80,000 సార్లు చూడాలి. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ వెనక ఇదంతా వేసుకుని ఒక నిర్ణయానికొచ్చాను: జనానికి విసుగు పుట్టించేదల్లా కోసిపారేయాలి. విసుగు పుట్టించేది ఏదో తేల్చేది ఎవరు? నేనే.

ముందు ఆమె మాట కోశాను. ఇంట్లో "గింత ఉప్పెయ్యాలె, చెయ్యికి తెలుస్తది" అని చెప్పే మనిషి చేత "హాయ్ ఫ్రెండ్స్" అనిపించాను. పాపం, ఆ రెండు ముక్కలు అనడానికి ఆమెకు చెమటలు పట్టేవి. చివరికి ఆమెను మాట్లాడొద్దని, ఆ మాటలూ నేనే చెప్పాను. మూకుడు ముందు ఆమె చేతులు, పైన నా గొంతు. ఆమె ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నాను. పెళ్లయి ఇన్నేళ్లయినా మౌనానికి ఎన్ని అర్థాలుంటాయో తెలియకపోవడం కూడా నా తప్పుల్లో ఒకటి.

తర్వాత బతుకమ్మ. పండుగ ముందే వీడియో పెడితే అందరూ మనదే చూస్తారని ఎవరో చెప్పారు. తంగేడు, గునుగు వానలు పడ్డాక కదా పూసేది! ఎండాకాలంలో ఎక్కడ దొరుకుతాయి? బజారుకెళ్లి ప్లాస్టిక్ పూలు సంచెడు తెచ్చాను. తాంబాళం పెట్టి, వరసలు పేర్చి, అంతా చేసింది. చివరకు పైన గౌరమ్మను పెట్టమంటే చెయ్యి వెనక్కి తీసుకుంది. "వీటి మీద నేను పెట్ట" అంది. అంతే, లేచి వెళ్లిపోయింది. అప్పుడైనా నేను ఆగాలి. ఆగలేదు. గౌరమ్మ లేకుండానే పెట్టేశాను. మిర్యాలగూడ నుంచి అత్తగారు ఫోన్ చేసి, "అల్లుడా, పూలకు వాసనుంటది తెలుసా?" అని అడిగి పెట్టేశారు.

ఇక సకినాలు. సంక్రాంతికి సకినాలు లేని ఇల్లు మా వైపు ఉండదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన కొత్త బియ్యం మిర్యాలగూడ నుంచి వచ్చాయి. రాత్రంతా నానబోసి, వడగట్టి, తడి ఆరకముందే గిర్నిలో పట్టించి, జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి మెత్తగా తడిపింది. నేల మీద నూలు బట్ట పరిచి, ముందు ఇంత పిండితో గౌరమ్మను చేసి, తర్వాత చుట్టడం మొదలుపెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి సన్నగా మెలి తిరుగుతూ దిగుతుంది, చుట్టు మీద చుట్టు పడుతుంది. ఎంత చూసినా తనివి తీరదు. అక్కడిదాకా బాగానే తీశాను. చుట్టడం అయ్యాక ఆమె ఊరికే కూర్చుంది. సకినాలు ఆరాలి. వాటి తడిని ఆ బట్ట పీల్చుకోవాలి. బట్ట మీద కదలకుండా ఉన్న సకినాలను ఎవరు చూస్తారు? కోసేశాను. వేయించేటప్పుడు "సప్పుడు ఇనుండ్రి, నూనె సప్పుడు తగ్గినంక తీయాలె" అంది. ఆ చప్పుడు మీద సినిమా పాటలాంటి సంగీతం పెట్టేశాను. చుట్టడం, వెంటనే నూనె, వెంటనే పళ్లెంలో సకినాలు, పక్కన నా నవ్వు. నా జన్మలో అంత వేగమైన పని మరొకటి చేయలేదు.

రెండు రోజులకు కోదాడ నుంచి మా వదినగారి ఫోను. ఆవిడ కొత్తకోడలిది రాష్ట్రం హద్దు దాటితే వచ్చే జగ్గయ్యపేట. వాళ్లింట్లో జంతికలే కానీ సకినాలు చేయరు. అత్తకు తెలియకుండా నేర్చుకుని మెప్పించాలని ఆ పిల్ల మా వీడియో పెట్టుకుని కూర్చుందట. పొగడ్తే అనుకుని, ఇంట్లో చుట్టుపక్కలవాళ్లు ఉండగా స్పీకర్ పెట్టాను. "వదినా, వీడియో ఎట్లుంది?" అన్నాను గట్టిగా. "ఏముంది మరిదీ, మూకుట్ల ఏసుడే ఆలస్యం, టపటప పేలినయ్. నూనె గోడలకంటింది. పిల్ల చెయ్యి మీద బొబ్బలొచ్చినయ్." గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం అడిగింది: "ఎంతసేపు ఆరబెట్టింది అక్కా?" "ఆరబెట్టుడు ఏడుంది? మీ వీడియోల లేదు గదనే!"

ఆమె నా వైపు తిరిగింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

చిన్న బొబ్బలే, వారంలో మానాయి. కానీ ఆ పిల్ల తప్పు ఒక్కటీ లేదు. నన్ను నమ్మింది, చెప్పినట్టే చేసింది. విసుగని నేను తీసేసిందే అందులో అసలు విద్య. మా ఆవిడ వాళ్లమ్మ పక్కన కూర్చుని ఏళ్ల తరబడి నేర్చుకున్నది ఆ ఊరికే కూర్చోవడంలోనే ఉంది. దాన్ని నా పేరు కోసం కత్తిరించాను. మీరు క్షమిస్తారనే ఇంత విప్పి చెబుతున్నాను. ఆ పిల్ల క్షమించింది కాబట్టి ధైర్యం వచ్చింది.

ఆ వీడియో తీసేసి, ఇద్దరం కోదాడ వెళ్లాం. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మా ఆవిడ మొదటి నుంచి చేసి చూపించింది. నేను ఫోను పట్టుకున్నాను, నోరు మూసుకున్నాను. "ఆరిందని ఎలా తెలుస్తుంది పిన్నిగారూ?" అని ఆ పిల్ల అడిగితే, అట్లకాడ అంచుతో ఒక సకినం లేపి చూపించింది. "బట్టకు అంటకుండ, ఇరగకుండ లేవాలె. అంటుకుంటె ఇంక కూసో." నూనె చప్పుడు ఎలా సన్నగిల్లుతుందో ఈసారి మీకూ వినబడుతుంది. వీడియో చాలా పొడుగైంది. నాలుగు వేల గంటలు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. అయినా అందులోంచి ఒక్క క్షణం కూడా కోయను.

వచ్చే సంక్రాంతికి మిర్యాలగూడలో అత్తగారి దగ్గర తీస్తాం. కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు చాలంటుంది మా ఆవిడ. చాలవంటారు అత్తగారు. రెండూ చేయిస్తాను, ఇద్దరి మాటా ఉంచుతాను.