తీర్పులకు ర్యాంకులొచ్చాయహో!

సుప్రీంకోర్టు తీర్పుల్లో ఏది గొప్పదో ఇక మనం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదట. ఒక తీర్పు ఇంకో తీర్పును ఉదహరిస్తే బాణం గీయడం, ఎక్కువ బాణాలు తగిలినదానికి ఫస్టు ర్యాంకు ఇవ్వడం. చుక్కలూ బాణాల బొమ్మను తెర మీద వేసి, ‘న్యాయం ఇప్పుడు శాస్త్రమైంది’ అంటున్నారు డేటా పండితులు. ఊళ్లో ఎవడి పేరు ఎక్కువ నోళ్లలో నానితే వాడే పెద్దమనిషి అన్నట్టుంది. ఆ లెక్కన చిట్టీలు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి ఉడాయించినవాడికే శాలువా కప్పాలి.

1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఏడీఎం జబల్‌పూర్ కేసు. నిర్బంధంలో ఉన్నవాడు హేబియస్ కార్పస్ అడగడానికి వీల్లేదని అయిదుగురిలో నలుగురు జడ్జీలు తేల్చారు. కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది ధర్మాసనం దాన్ని కొట్టేసింది. కొట్టెయ్యాలన్నా పేరెత్తాలి కదా, అదీ ఒక బాణమే! మన కోకా సుబ్బారావుగారి గోలక్‌నాథ్ తీర్పు 1967 నాటిది. 1973లో కేశవానంద భారతి కేసులో దాన్ని తోసిపుచ్చారు. రాజ్యాంగ సవరణల చర్చ వచ్చినప్పుడల్లా దాన్ని తలవక తప్పదు. తిట్టుకూ దీవెనకూ ఒకే మార్కు వేసే పరీక్ష ఇది.

మా చంద్రశేఖరపురం వైపు గట్టు తగాదా ముదిరితే కనిగిరి కోర్టుకెక్కుతుంది. ఇంజంక్షన్ ఒక్కటి చాలంటూ వాది ప్లీడరు ఒక సైటేషన్ పెడతాడు: వరంగల్లు ఖాళీ స్థలాల తగాదాలో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ప్రతివాది ప్లీడరు లేస్తాడు. హక్కు మీదే అనుమానం ఉంటే ఉత్త ఇంజంక్షన్ కుదరదు, డిక్లరేషన్ అడగాల్సిందే అంటాడు. ఆయన పెట్టేదీ ఆ తీర్పే, అదే జిరాక్సు. పెన్నుతో గీత గీసిన పేరా మాత్రం వేరు. బాణానికి పేరాలతో పనేముంది?

పోనీ, ఆ గట్టు తగాదా మీద వచ్చిన తీర్పు సంగతి? అది ఏ లా రిపోర్టులోనూ అచ్చుకాదు, ఇంకో కోర్టు దాన్ని ఉదహరించదు. అడంగల్ నకళ్లు, సర్వేయరు కొలతలు, తండ్రి వేసిన దావాకు కొడుకు తిరిగే వాయిదాలు అన్నీ కలిపినా బొమ్మలో ఒక చుక్క కూడా కావు. పైన పేరు మాత్రం ‘భారత న్యాయవ్యవస్థ సమగ్ర విశ్లేషణ’!

ఇంకో తమాషా. కేశవానంద తీర్పును రెండు లా రిపోర్టుల్లో చూడండి: ఏఐఆర్‌లో 1973 ఎస్సీ 1461. ఎస్సీసీలో 1973 నాలుగో సంపుటం, 225వ పేజీ. రెండూ ఒకటేనని కంప్యూటరుకు నేర్పకపోతే ఇద్దరు కేశవానందులు పుట్టి చెరి సగం బాణాలు పంచుకుంటారు.

లెక్కించడమే తప్పని కాదు. 2007లో అమెరికాలో ఫౌలర్ బృందం అక్కడి సుప్రీంకోర్టు తీర్పులు 26,681 తీసుకుంది. 1791 నుంచి 2005 దాకా అని చెప్పింది, మార్కులు ఏ సూత్రంతో వేసిందో రాసిపెట్టింది. నచ్చనివాడు కూర్చుని మళ్లీ కట్టుకోవచ్చు. మన పండితులను అడగండి: ఏ తేదీ దాకా తీర్పులు తీశారు? స్కాన్ సరిగా లేదని వదిలేసినవెన్ని? ‘అది ప్రొప్రైటరీ అండీ’ అని చిరునవ్వు.

కనిగిరి కోర్టులో నకలు దరఖాస్తు పెట్టుకుంటే, ఆలస్యమైనా, ఓడిపోయినవాడికి కూడా ముద్ర కొట్టి తీర్పు కాపీ చేతికిస్తారు. మీ గ్రాఫు నకలు కావాలంటే ఏ కౌంటర్లో ఎంత స్టాంపు అంటించాలో కాస్త సెలవివ్వండి.