తడిగచ్చు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "తడిగచ్చు, చూసుకుని నడవరా!"

అవతారిక: వంటింటి గచ్చు తుడిచి గుడ్డ పిండుతున్న తల్లి, ఫోనులో తలదూర్చి మంచినీళ్లకు వస్తున్న కొడుకుతో పలికినది.

పాఠాంతరం: "చూసుకుని ఏడవరా" అని కొందరు. బకెట్టు దొర్లిన రోజుల్లో అదే వినబడుతుంది. ఈ సందర్భానికి మొదటి పాఠమే గ్రాహ్యం.

శంక: క్త్వార్థకానికీ ప్రధాన క్రియకూ కర్త ఒకటే ఉండాలి కదా! చూసేవి కళ్లు, నడిచేవి కాళ్లు. అమ్మ వ్యాకరణం తప్పిందా?

సమాధానం: తప్పలేదు. కాళ్లూ చూస్తాయి. కండరాల లోపల కదురు ఆకారపు సన్నటి నిర్మాణాలున్నాయి. కండ ఎంత సాగిందీ, ఎంత వేగంగా సాగిందీ అవి వెన్నుపాముకు క్షణక్షణం కబురు పెడుతుంటాయి. కళ్లు మూసుకున్నా కాలు ఎటు మడిచి ఉందో మనకు తెలుస్తున్నది ఆ కబురు వల్లే. కావున రెండు క్రియలకూ కర్త కాలే.

తాత్పర్యం: ఒక మడమ నేలను తాకింది మొదలు అదే మడమ మళ్లీ తాకేదాకా ఉన్న కాలంలో ఆ పాదం సుమారు 60 శాతం నేలమీద, 40 శాతం గాలిలో ఉంటుంది. లెక్క కడితే రెండు పాదాలూ కలిసి నేలమీదుండేది 20 శాతమే. తక్కినదంతా ఒంటికాలి తపస్సు. అప్పుడు లేచిన కాలి వైపు కటి కుంగిపోవాలి. కుంగదు, ఎందుకంటే నిలిచిన కాలి తుంటి పక్కనున్న గ్లూటియస్ మీడియస్ అనే కండ బిగుసుకుని దాన్ని పట్టి ఉంచుతుంది. ప్యాంటు జేబుకు కాస్త పైన, పక్కగా చెయ్యి ఆనించి నాలుగడుగులు వేయండి, చేతికే తెలుస్తుంది. ఆ కండ నీరసిస్తే కటి అటు వాలే తీరును జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వివరించాడు. లోకం మాత్రం పొగిడేది పిక్కబలాన్నే, అదీ పారిపోయినవాడిలో!

విశేషం: పిక్కను తీసిపారేయడం మా ఉద్దేశం కాదు. ఒళ్లు పాదం మీదుగా ముందుకు తూలుతుంటే ఆపేదీ, చివర్న మడమ లేపి తోసేదీ అదే. ముంగాలి కండ వేళ్లను పైకెత్తుతుంది. సాగే కాలి వేళ్లకూ నేలకూ మధ్య సందు ఒకటి రెండు సెంటీమీటర్లే గనుక, గడపకు ఎదురుదెబ్బల కీర్తి దక్కింది.

"రా" అనేది సంబోధన. దీనికి ప్రయోజనం కనబడదు. ఆ అక్షరం చెవిన పడేసరికే మడమ సర్రున జారింది, సెకనులో పదోవంతుకల్లా కాలి కండలు బిగిశాయి, ఎడమచెయ్యి ఫ్రిజ్ పిడిని దొరకబుచ్చుకుంది. కొడుకు నిలబడే ఉన్నాడు. ఫోను గచ్చుమీద ఉంది.