వేలిముద్రల స్వరాజ్యము

బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మందికి తక్కువ కాకుండ తల్లిదండ్రులే ఉండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలెననియు, బడి అభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీయే రచింపవలెననియు 2009 నాటి విద్యాహక్కు చట్టము ఔదార్యముతో శాసించినది. అయితే పలుచోట్ల ప్రణాళిక పైనుండియే దిగివచ్చును. చర్చ తీర్మానముల పుస్తకమున ముందే లిఖితమై యుండును. కూలి మానుకొని వచ్చిన తల్లికి మిగులు ప్రజాస్వామ్యమెల్ల, చూపిన చోట వేలిముద్ర వేయుటయే. “మరుగుదొడ్డికి నీళ్లు లేవండీ” అని ఆమె నోరు విప్పెనా, అది నేటి ఎజెండాలో లేదట! (టీ, బిస్కెట్లు మాత్రము ఎజెండాలో లేకున్నను వచ్చును.) సమాజ భాగస్వామ్యము సంపూర్ణముగా సిద్ధించెనను నివేదిక సాయంత్రమునకే మండల కార్యాలయము చేరును. అయ్యలారా, రాబోవు సమావేశమును కూలివేళ దాటిన పిమ్మట జరిపి, పుస్తకమును ఖాళీ పుటలతో తెచ్చి, తొలిమాట ఆ తల్లినే పలుకనిండు.