కాబోయే నాన్నకు ఇచ్చే తప్పుడు సలహాలు

భార్యకు ఏడో నెల రాగానే భర్తకు సలహాలు మొదలవుతాయి. చాలామంది ప్రేమతోనే చెబుతారు. పాటిస్తే మాత్రం నష్టపోయేది తల్లీ బిడ్డా.

"పురుడు పుట్టింట్లోనేగా, నీకు సెలవెందుకు?"

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. పొట్ట మీద కుట్లున్న బాలింత మంచం మీంచి లేవాలన్నా ఒకరి చెయ్యి కావాలి. అర్ధరాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తి ఆమె పక్కకు చేర్చాలి. పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరాలి. తడిసిన గుడ్డలు మార్చాలి. అరవయ్యేళ్ళ అమ్మమ్మ ఒక్కతే ఇవన్నీ ఎన్ని రాత్రులు చేయగలదు? పుట్టింట్లో పురుడైతే మీరూ అక్కడికే వెళ్ళండి. అల్లుడి మర్యాదలు వద్దని ముందే చెప్పండి. బాలింతకు పథ్యం వండుతున్న అత్తగారి చేత మీకోసం పిండివంటలు చేయించకండి.

"నాలుగు సీఎల్‌లు పెట్టుకో, కారణం చెప్పకు."

ప్రభుత్వోద్యోగులు ఈ మాట అసలు వినకూడదు. కేంద్ర సర్వీసుల సెలవు నిబంధనల్లో 43-ఎ కింద తండ్రికి 15 రోజుల సెలవుంది. ఇద్దరికంటే తక్కువ మంది పిల్లలున్నవాళ్ళు కాన్పుకు 15 రోజుల ముందు నుంచి, కాన్పయిన ఆరు నెలల లోపు దాన్ని వాడుకోవచ్చు. జీతం తగ్గదు, ఖాతాలో ఉన్న సెలవులూ తరగవు. గడువు దాటితే మురిగిపోతుంది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వోద్యోగులకూ 15 రోజులున్నాయి. కారణం రాసి మరీ అడగండి. మీ తర్వాత అడిగేవాడికి బెరుకు పోతుంది.

"మంచి కంపెనీలు ఇస్తూనే ఉన్నాయిగా, చట్టమెందుకు?"

అన్నిటికంటే హాని చేసే సలహా ఇదే. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తల్లికి 26 వారాల సెలవు ఇచ్చింది, తండ్రికి ఒక్క రోజూ ఇవ్వలేదు. తండ్రి సెలవు కోసం అదే ఏడాది ఎంపీ రాజీవ్ సాతవ్ లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. దాంతో ఏసీ గదిలో కూర్చునే ఇంజినీరుకు సెలవు దొరకొచ్చు గానీ, అదే భవనం గేటు దగ్గర నిలబడే గార్డు ఇంట్లో ఉండిపోతే ఆ రోజు కూలీ పోతుంది. బిడ్డ ఇద్దరికీ పుట్టింది. మేనేజరు దయ తలిస్తే దొరికేదాన్ని హక్కు అనలేం.

"చట్టం తెస్తే చిన్న యజమాని మునిగిపోతాడు."

ఈ భయం నిజమైనదే, దారి కూడా ఉంది. ఈఎస్ఐ పరిధిలోని ఆడవాళ్ళకు ప్రసూతి భత్యం ఉమ్మడి నిధి నుంచి వస్తుంది. ఉద్యోగి జీతంలో 3.25 శాతం యజమాని, 0.75 శాతం ఉద్యోగి కడతారు. తండ్రి సెలవునూ అందులో చేర్చాలి. ఆ పరిధి దాటితే 26 వారాల జీతం యజమాని ఒక్కడే మోయాలి. ఇంటర్వ్యూలో ఆడపిల్లను "పెళ్ళెప్పుడమ్మా" అని అడగడం వెనక ఆ లెక్క కూడా ఉంది. మగవాళ్ళూ సెలవు పెట్టడం మామూలైతే ఆ లెక్క ఆడవాళ్ళ మీద మాత్రమే పడదు.

"ఇచ్చినా మగాళ్ళు వాడుకోరు."

స్వీడన్‌లో 1974లో తల్లిదండ్రులిద్దరూ పంచుకునేలా సెలవు పెడితే ఎక్కువగా తల్లులే తీసుకున్నారు. 1995లో ఒక నెలను తండ్రికి విడిగా కేటాయించి, అతను వాడకపోతే రద్దయ్యేలా చేశాక తండ్రులు కదిలారు. మనం తెచ్చుకునే చట్టంలోనూ ఆ షరతు ఉండాలి.