నల్లుల ధర్మాసుపత్రి

సూరత్ నగరమున పురుగును చంపుట, తక్కిన ఊళ్ళలోవలె, కేవలము పురుగునకును మనకును నడుమ తేలిపోవు వ్యవహారము కాదు. 1689వ సంవత్సరమున ఇంగ్లండున ఓడయెక్కి ఈ రేవునకు వచ్చిన ఓవింగ్టన్ అను ఆంగ్ల మతాచార్యుడు, ఇచ్చటి వర్తకులు ముసలి పశువులకే గాక నల్లులు మొదలగు క్షుద్రకీటములకు సైతము ఆశ్రయము కల్పించిరనియు, వాని ఆహారార్థమై ఒక బీదవానిని కూలికి కుదిర్చి రాత్రియంతయు మంచముపై పరుండబెట్టుదురనియు వ్రాసెను. నూరేండ్లు గడచిన పిమ్మట ఫోర్బ్సు అను దొరయు, 1813లో అచ్చయిన తన గ్రంథమున, ఇట్టి ముచ్చటనే మరల చెప్పెను. లోకమున కొలువులెన్నియో కలవు గాని, పరుండినంత మాత్రమున జీతము ముట్టి, నిద్రపోయినచో మాత్రము మెచ్చదగిన కొలువు వేరొకటి నేనెరుగను.

అట్టి పూర్వచరిత్ర గల పట్టణమున, లింబాయత్ పేటలో, పవర్‌లూముల మోత నడుమ మా ఆవిడ మేడపై కుండీలలో పెంచుచున్న ముద్దమందారమునకు పిండినల్లి పట్టినది. లేత చిగుళ్ళు ముడుచుకొని గిడసబారినవి. కణుపుల సందున తెల్లని దూది. ఆకులపై జిగురు, ఆ జిగురుపై మసి. కాండము వెంబడి ఎక్కి దిగు చీమల బారు. మా వీధి తెలంగాణమునుండి వలస వచ్చిన పద్మశాలీలది గావున, దూది యన్నచో అభిప్రాయము లేనివాడుండడు. మగ్గముల షావుకారొకాయన చిగురును వెలుతురునకు త్రిప్పి చూచి, "పోగు సన్నగానే ఉంది మాస్టారూ, నేతే వదులు," అని తీర్పు చెప్పి వెడలిపోయెను.

ఈ పిండినల్లి జాతిలో ఆడదానికి రెక్కలుండవు. అది కదలక మెదలక రసము పీల్చుచు వందలకొలది గ్రుడ్లు పెట్టును. మగవానికి రెక్కలుండును గాని, ఎదిగిన పిదప తినుటకు నోరుండదు. ఈ సంగతి విన్ననాటినుండి మా ఆవిడకు సృష్టికర్తయందు భక్తి ఇనుమడించినది.

లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలియుటకును, పురుగు మైనపు కవచమునకు అంటుటకును కొంచెము సబ్బునీరు చేర్చి, ఎండ చల్లారిన పిమ్మట చల్లవలెనని సంకల్పించి నేను మేడపై నిలువగా, ఎదుటి మేడనుండి జైన మతస్థులైన బట్టల వర్తకులు చేతులు జోడించి, "మాస్టర్‌జీ, జీవహింస! మెల్లగా దులిపి ఎక్కడైనా వదిలిపెట్టండి," అనిరి.

"ఏమండీ, టిక్కెట్టు కూడా మనమే కొనాలా?" అని మా ఆవిడ తెలుగున అడిగినది.

ఉభయులకును సమ్మతమైన పని ఒకటి దొరకినది. పిండినల్లి విసర్జించు తేనెబంకకు ఆశపడి చీమలు దానికి కావలి కాయును. దానిని తిన వచ్చు పురుగులను తరిమివేయును. కావున మొదట కావలివాండ్రను తొలగింపవలెను. నీరు పోసిన పళ్ళెములో ఇటుకపై కుండీని నిలిపి, పండుగనాటి లడ్డూల డబ్బాకు చేయు మర్యాదయే దానికిని చేసితిమి. చీమ దాటదు, చావదు, వర్తకులు సంతసించిరి.

కావలి తొలగిన కొలది దినములకు, ఆ దూదిలో తక్కినవానికంటె పెద్దదై, ఒడలెల్ల తెల్లని పోగులతో, చురుకుగా పరుగిడు పురుగొకటి కనబడినది. మా ఆవిడ చీపురుపుల్ల ఎత్తినది. నేను చేయి పట్టి ఆపితిని. అది క్రిప్టోలీమస్ అను అక్షింతల పురుగు పిల్ల. 1898లో ఆస్ట్రేలియానుండి మన దేశమునకు రప్పింపబడిన వంశము దానిది. పిండినల్లి వేషమున పిండినల్లుల నడుమనే తిరుగుచు వానినే భోంచేయును. ఇట్టి ఉద్యోగి స్వయముగా వచ్చి చేరినపుడు వేపనూనెతో పనియేమి?

అయినను పొరుగువారితో చెప్పక దాచుట ధర్మము కాదనిపించి, విషయమును నివేదించితిని. వారు చాల సేపు ఆలోచించిరి.

"చంపేది మీరు కాదు. దాని భోజనం అది తింటోంది. అడ్డుపడితే దాన్ని పస్తు పెట్టిన పాపం మనది," అని ఒప్పుకొని, లోనికి పోబోవుచు వెనుదిరిగి, "అయితే మాస్టర్‌జీ, సూర్యాస్తమయానికి ముందే ముగించమనండి," అనిరి.