మూడు నిమిషాల పీటర్ పాన్

లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో వాల్ట్ డిస్నీ బెంచీ మీద కూర్చుని వేరుశెనక్కాయలు తింటున్నాడట. ఆయన కూతుళ్ళిద్దరూ రంగులరాట్నం ఎక్కి తిరుగుతున్నారట. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దవాళ్ళు ఇలా ఊరికే కూర్చోవాల్సిందేనా, అందరూ కలిసి సరదాపడే చోటు ఒకటి ఉంటే బాగుండును కదా అనిపించిందట. డిస్నీల్యాండ్ ఆలోచన ఎలా పుట్టిందంటే ఆయనే చెప్పిన కథ ఇది. 1955లో కాలిఫోర్నియాలో ఆ చోటు వచ్చింది. 1971లో ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ వచ్చింది, వయసులో తమ్ముడు, ఒంట్లో అన్న. పిల్లలతో పాటు పెద్దల్ని కూడా బెంచీ మీంచి లేపాలన్న ఆయన కోరిక అక్షరాలా నెరవేరింది. అక్కడ తిరిగే ఏ తండ్రిని చూసినా కళ్ళు ఒకదానికోసమే వెతుకుతుంటాయి. ఖాళీ బెంచీ.

జాగా లేక కాదు. 1960ల మధ్యలో ఓర్లాండో పక్కన 27 వేల ఎకరాల పైచిలుకు కొన్నారు. ఎవరూ పేరు వినని డొల్ల కంపెనీల పేరిట, కొనేది ఎవరో అమ్మేవాళ్ళకు తెలియకుండా కొన్నారు. 1965లో ఓర్లాండో పత్రిక గుట్టు విప్పేసరికి చాలా భూమి చేతికొచ్చేసింది. (ఈ విద్యలో మనవాళ్ళు అమెరికా వెళ్ళి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదనుకోండి.) దాదాపు శాన్‌ఫ్రాన్సిస్కో నగరమంత ఉన్న ఆ నేలమీద మనిషికి కూర్చునే చోటు కరవైందంటే అది పొరపాటున జరిగింది కాదు. కూర్చున్న మనిషివల్ల కంపెనీకి ఒరిగేదేముంది? నిలబడ్డవాడి వల్లనే రాబడి.

కాలిఫోర్నియా పార్కు తనను తాను భూమ్మీద అన్నిటికన్నా ఆనందమైన చోటు అని చెప్పుకుంటుంది. ఫ్లోరిడాది అన్నిటికన్నా మాయలున్న చోటట. రెండో మాటతో నాకు పేచీ లేదు. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్డమ్ అనే పార్కులో పీటర్ పాన్స్ ఫ్లైట్ అని ఒక రైడ్ ఉంది. చిన్న ఓడలాంటి దాంట్లో కూర్చోబెట్టి, రాత్రివేళ లండన్ నగరం మీద ఎగురుతున్నట్టు భ్రమింపజేసి, కిందికి దించేస్తారు. నిజంగా ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే మొత్తం కలిపి మూడు నిమిషాలు పట్టదు. దానికోసం గంట, గంటకు పైన నిలబడటం అక్కడ మామూలు. గంట కాలక్షేపాన్ని మూడు నిమిషాలు చేసి, ఆ మూడు నిమిషాలనే ఏళ్ళ తరబడి చెప్పుకునేలా చేయడం మాయ కాక మరేమిటి?

ఆ లైను కట్టే తీరు చూస్తే శిల్పశాస్త్రం గుర్తొస్తుంది. మొత్తం లైను ఎక్కడినుంచి చూసినా కనపడదు. మలుపు తిరిగితే అయిపోయిందనిపిస్తుంది, తిరిగాక ఇంకో గది, అందులో ఇంకో నాలుగు మెలికలు. గోడల మీద బొమ్మలు, పిల్లలు తాకితే వెలిగే దీపాలు, మధ్యలో ఒక చిన్న సినిమా. గుమ్మం దగ్గర బోర్డు మీద 60 నిమిషాలు అని ఉంటుంది. తరచూ అంతకన్నా ముందే లోపలికి పంపుతారు. దాంతో ముప్పావుగంట నిలబడ్డవాడు పావుగంట లాభపడ్డానని పొంగిపోతాడు. మన బస్టాండు విచారణ కౌంటర్లో కూర్చునేవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఇక ధర. 1971లో తెరిచినప్పుడు పెద్దవాళ్ళకు గేటు టిక్కెట్టు మూడున్నర డాలర్లు. లోపలి రైడ్లకు ఎ నుంచి ఇ దాకా అక్షరాలతో కూపన్లు విడిగా కొనుక్కోవాలి. గొప్ప రైడ్లన్నీ ఇ కూపన్‌వి. ఇవాళ రద్దీ రోజుల్లో మ్యాజిక్ కింగ్డమ్‌కు ఒక్క రోజు టిక్కెట్టు 190 డాలర్లు దాటింది. మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు తగ్గించేది ఏవో కొద్ది డాలర్లు. పదేళ్ళు నిండితే అదీ లేదు. అమెరికాలో పదేళ్ళవాడు ఓటు వేయలేడు, కారు నడపలేడు, ఒంటరిగా విమానం ఎక్కాలన్నా సవాలక్ష కాగితాలు కావాలి. డిస్నీ గేటు దగ్గర మాత్రం వాడు సంపూర్ణ వయోజనుడు.

అసలు వ్యాపారం గేటు దాటాక మొదలవుతుంది. 1999లో ఫాస్ట్‌పాస్ అని ఒకటి పెట్టారు. రైడ్ దగ్గర యంత్రంలోంచి చీటీ తీసుకుని వెళ్ళిపోతే చెప్పిన వేళకు వచ్చి పెద్ద లైను లేకుండా ఎక్కేయవచ్చు. పైసా ఖర్చు లేదు. చక్కటి ఆలోచన, అందుకే నిలవలేదు. 2021 అక్టోబరులో జీనీ ప్లస్ పేరుతో అదే సౌకర్యానికి మనిషికి రోజుకు 15 డాలర్లు పెట్టారు. 2024లో దాని పేరు లైట్‌నింగ్ లేన్ మల్టీ పాస్ అయింది. అదే ఏడాది చివర్లో ప్రీమియర్ పాస్ వచ్చింది. ముందుగా వేళ నిర్ణయించుకునే శ్రమ కూడా లేకుండా ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు మెరుపు దారిలో వెళ్ళిపోవచ్చు. వచ్చినప్పుడు దాని ధర మ్యాజిక్ కింగ్డమ్‌లో మనిషికి, రోజుకు, 449 డాలర్ల దాకా. నలుగురున్న ఇంటికి 1,796 డాలర్లు. గేటు టిక్కెట్లు దీనికి అదనం, కారు నిలిపినందుకు కట్టేది మరీ అదనం.

ఇందులోని సొగసు చూడండి. రైడ్‌లో కుర్చీలు పెరగవు. మెరుపు దారిలో వచ్చినవాళ్ళకు ఎన్ని ఇస్తే మామూలు లైనుకు అన్ని తగ్గుతాయి. మామూలు లైను ఎంత నత్తనడక నడిస్తే మెరుపు దారి అంత బాగా అమ్ముడవుతుంది. తాడుకు అవతల గాలికి జుట్టు ఎగురుతుండగా నడిచిపోయే కుటుంబాన్ని, ఇవతల చెమట తుడుచుకుంటూ చూస్తున్న పిల్లవాడు "నాన్నా, వాళ్ళెలా వెళ్తున్నారు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నను మించిన ప్రకటన ఏ ఏజెన్సీ రాయగలదు? జబ్బూ వాళ్ళదే, మందూ వాళ్ళదే, వైద్యుణ్ణి పిలవమని ఏడ్చే రోగి మాత్రం మన ఇంట్లో పుట్టినవాడు.

2013లో న్యూయార్క్ పోస్ట్ ఒక వార్త రాసింది. మన్‌హాటన్ ధనిక తల్లులు కొందరు వికలాంగులైన గైడ్లను గంటకు 130 డాలర్లకు మాట్లాడుకుని, వారిని కుటుంబ సభ్యులుగా చూపించి, డిస్నీలో వికలాంగులకిచ్చే పక్క దారిన దూరిపోతున్నారని. దేశమంతా ముక్కున వేలేసుకుంది. ఆ ఏడాది అక్టోబరులో కంపెనీ నిబంధనలు మార్చేసింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తల్లుల నేరమల్లా తొందరపాటు. పదకొండేళ్ళు ఓపిక పడితే అదే పనికి కంపెనీయే రసీదు ఇచ్చేది.

మన తిరుమలలోనూ రెండు దారులున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటులో కూర్చున్నవాడూ ఉన్నాడు, 300 రూపాయల టిక్కెట్టువాడూ ఉన్నాడు, వాళ్ళిద్దరికీ పైన సిఫారసు లేఖవాడూ ఉన్నాడు. తేడా ఏమిటంటే అక్కడ కాచుకునేవాడికి కూర్చోవడానికి చోటిచ్చి, పాలూ ఉప్మా ఉచితంగా పెడతారు. బయటికొస్తే వెంగమాంబ సత్రంలో అన్నం పెడతారు. కాచుకోవడం కూడా మొక్కులో భాగమే, అందులో ఒక పుణ్యం ఉందని నమ్మకం. డిస్నీలో కాచుకుంటే పుణ్యం రాదు, ఉప్మా అసలే రాదు. ఇంకో తేడా కూడా ఉంది, ఇండియా నుంచి వచ్చిన మన పెద్దమనుషులు జీర్ణించుకోలేనిది: ఓర్లాండోలో ఏ ఎమ్మెల్యే లేఖా చెల్లదు.

వాళ్ళు రాక తప్పదు మరి. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రుల యాత్రకు ఒక నిర్ణీత క్రమం ఏర్పడిపోయింది. నయాగరా, లిబర్టీ బొమ్మ, లాస్ వేగాస్, ఓర్లాండో. ఇవి చూపించకుండా విమానం ఎక్కిస్తే ఊళ్ళో "మీవాడు ఏం చూపించాడు?" అన్న ప్రశ్నకు సమాధానం ఉండదు. అట్లాంటా నుంచో షార్లెట్ నుంచో వ్యాను కట్టుకుని బయల్దేరతారు. అల్లుడు ఎక్సెల్ షీటు తయారుచేస్తాడు. ఆఫీసులో రిలీజు ప్లాను కూడా అంత శ్రద్ధగా చేసి ఉండడు. లైట్‌నింగ్ లేన్ వేళలు కొద్దిరోజుల ముందుగా ఉదయం ఏడింటికి తెరుస్తారు. ఆ వేళకు ఇంటిల్లిపాదీ సుప్రభాతానికి లేచినట్టు లేచి ఫోన్లు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు, వీపు మీద ఇంటిపేరు, మిక్కీ తల. కూలర్ బ్యాగులో పులిహోర, చపాతీ చుట్టలు. బయటి తిండి తెచ్చుకోనిస్తారు, అది కంపెనీ మంచితనమే. ఆ ఆవరణ మొత్తంలో ధర మన అదుపులో ఉన్న వస్తువు ఆ పులిహోర ఒక్కటే.

అలాంటి ఒక కుటుంబం కోట ముందు నిలబడి ఉండగా విన్న సంభాషణ ఇది.

"ఏం బాబూ, ఈ కోట ఎవరిదీ?"

"సిండ్రెల్లాదండీ అత్తయ్యగారూ."

"ఎప్పటిది?"

"1971ది."

"అయ్యో, నా పెళ్ళి దానికంటే ముందే అయిందయ్యా" అని ఆవిడ కొంగు సర్దుకున్నారు. ఎత్తు 189 అడుగులనీ, ఉక్కూ కాంక్రీటూ ఫైబర్‌గ్లాసే తప్ప ఇటుక అన్నది లేదనీ, పైకి పోయేకొద్దీ కిటికీలూ రాళ్ళూ చిన్నవిగా చేసి ఇంకా ఎత్తున్నట్టు భ్రమ కలిగించారనీ అల్లుడు ఉత్సాహంగా వివరించాడు. "అంటే సినిమా సెట్టింగే కదా. గోల్కొండకి ఐదు నిమిషాల్లో తీసుకెళ్ళగలిగేవాడివి, మనింటి నుంచి" అన్నారావిడ. పార్కు గురించి నేను చదివిన సమీక్షల్లో ఇంతకన్నా క్లుప్తమైంది లేదు.

పిల్లల సంతోషం మాటేమిటి అని అడిగేవారుంటారు. పిల్లలు సంతోషిస్తారు, నిజమే. రాత్రి బాణసంచా వెలుగులో తండ్రి భుజాల మీద కూర్చున్న ఆరేళ్ళ పిల్ల ముఖం చూసి వెటకారం చేయగలిగేంత కఠినుణ్ణి కాను. కానీ ఆ ముఖాన్ని పూచీకత్తుగా పెట్టి మిగతా బిల్లంతా రాయించుకోవడమే నాకు అభ్యంతరం. మూడేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు కదా అని రెండున్నరేళ్ళవాణ్ణి స్ట్రోలర్లో వేసి ఫ్లోరిడా ఎండలో పొద్దుటి నుంచి రాత్రి దాకా తోస్తారు. ఎందుకయ్యా అంటే జ్ఞాపకాల కోసమట. ఎవరి జ్ఞాపకాలు? వాడు సగం రోజు నిద్రపోయాడు, సగం రోజు ఏడ్చాడు.

మాయను నడిపేవాళ్ళ సంగతి ఎక్సెల్ షీటులో ఉండదు. మ్యాజిక్ కింగ్డమ్ కింద సొరంగాల్లాంటి నడవాలున్నాయి. చెత్త పైపుల్లోంచి గాలి వేగంతో పోతుంది, ఉద్యోగులు ఆ నడవాల్లోంచే వచ్చిపోతుంటారు, ఒక లోకపు వేషం ఇంకో లోకంలో కనపడకూడదని. 2023లో యూనియన్లు గట్టిగా బేరమాడాక కనీస వేతనం గంటకు 18 డాలర్లయింది. ఆ రేటున లెక్కేస్తే, అక్కడ పనిచేసే మనిషి తన పార్కులోనే లైను తప్పించుకుని ఒక్క రోజు తిరగాలంటే, ఆ 449 డాలర్ల కోసం దాదాపు 25 గంటలు పనిచేయాలి. పన్నులు పట్టుకోకపోతే.

ఇంత కాచుకున్నాక రైడ్ దిగి బయటికొచ్చే దారి చాలాచోట్ల నేరుగా దుకాణంలోకి తెరుచుకుంటుంది. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ దిగితే కత్తులూ కపాలాలూ, ఇంకోటి దిగితే ఇంకేవో. మిక్కీ చెవుల పట్టీ 30 డాలర్లకు పైమాటే. పిల్లవాడు చేయి విడిపించుకుని ఉరుకుతాడు. ఆ గుమ్మానికి తాడు లేదు, బోర్డు లేదు, మెరుపు దారి అవసరం లేదు, ఎవరైనా ఎంతమందైనా ఒకేసారి లోపలికి వెళ్ళిపోవచ్చు. డబ్బు కట్టే కౌంటరు దగ్గర మాత్రం కాస్త లైనుంటుంది.