కన్వర్టర్‌కు మొక్కితే వరాలు రావు

అమ్ముడుపోని వీడియోకు అమ్మేవాడు చెప్పే మొదటి కారణం ఫార్మాట్. రెండో కారణమూ ఫార్మాటే. ఫోకస్ తప్పిందనో, చెయ్యి వణికిందనో, హుస్సేన్‌సాగర్ మీద సూర్యాస్తమయాన్ని ఇప్పటికే బోలెడుమంది అమ్మకానికి పెట్టేశారనో ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. అదే ఫార్మాట్ మీద నెపం వేస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు, పైగా నాలుగు సాంకేతిక పదాలు వాడే అవకాశం దొరుకుతుంది. మన వీడియోలను అమ్మిపెట్టే షట్టర్‌స్టాక్, అడోబి స్టాక్ లాంటి ఏజెన్సీలు అడిగేది 5 నుంచి 60 సెకన్ల క్లిప్పు. దాన్ని తీయడానికి నిమిషం పడితే, ఏ ఫార్మాట్‌లో పంపాలో తేల్చుకోవడానికి రాత్రంతా పడుతుంది. ఈ జాగారం వల్ల పుణ్యం కూడా లేదన్నది నా వాదన. కెమెరా పట్టుకోని వివరాన్ని ఏ కన్వర్టరూ తెచ్చిపెట్టదు. ఉన్న వివరాన్ని పోగొట్టకుండా ఉంటే అదే దాని గొప్పతనం. కాబట్టి ఫైలును ఎన్ని తక్కువసార్లు మారిస్తే అంత మంచిది.

గందరగోళమంతా ఫైలు పేరు చివర ఉండే ఆ మూడక్షరాల దగ్గర మొదలవుతుంది. ఎమ్‌ఓవీ, ఎమ్‌పీ4 అనేవి పైసంచులు. లోపల బొమ్మను ఏ పద్ధతిలో కుదించారో చెప్పేది కోడెక్: హెచ్.264, హెచ్.265, ప్రోరెస్ వగైరా. ఎమ్‌పీ4ను ఎమ్‌ఓవీ చేసి నాణ్యత పెరిగిందనుకోవడం, రేషన్ బియ్యాన్ని సోనా మసూరి సంచిలో పోసి కుట్టేసి, వండాక మెతుకు సన్నబడుతుందని ఎదురుచూడటమే. నిజానికి ఈ రెండు సంచులూ దగ్గరి చుట్టాలు. ఆపిల్ 1991లో తెచ్చిన క్విక్‌టైమ్ నిర్మాణం మీదే తర్వాత ఎమ్‌పీ4 ప్రమాణాన్ని కట్టారు. ఏజెన్సీ సంచి ఒక్కటే మార్చమంటే, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘కాపీ’ అని ఒక్క మాట రాస్తే చాలు, బొమ్మ జోలికి పోకుండా సెకన్లలో పని ముగిస్తుంది. కానీ అంత తేలిగ్గా అయిపోతే మనకు నమ్మకం కుదరదు. ఫ్యాను గిర్రున తిరగాలి, ల్యాప్‌టాప్ కాలిపోవాలి, స్క్రీన్ మీద 37 శాతం దగ్గర గీత ఆగిపోయి మనల్ని ఏడిపించాలి. అప్పుడుగానీ ఏదో ఘనకార్యం జరిగినట్టు ఉండదు.

ఇక ప్రోరెస్ మీద ఉన్న భక్తిని లెక్కల్లో చూద్దాం. కెమెరా 4కె వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున హెచ్.264లో రాసిందనుకోండి. 20 సెకన్ల క్లిప్పు 250 ఎంబీ అవుతుంది. దాన్ని సెకనుకు 25 ఫ్రేముల ప్రోరెస్ 422 హెచ్‌క్యూలోకి మారిస్తే బిట్‌రేటు 737 మెగాబిట్లకు చేరుతుంది, ఫైలు 1.8 జీబీ దాటుతుంది. ఏడు రెట్లు లావెక్కింది, బలం మాత్రం అంతే ఉంది. కెమెరా 8 బిట్లలో రాస్తే ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 10 బిట్ల ఫైలులో 1024 మెట్లకు చోటున్నా, కొత్త మెట్ల మీద నిలబెట్టడానికి మన దగ్గర కొత్త రంగులేవీ లేవు. లాభపడేది హార్డ్ డిస్కులు అమ్మేవాడూ, ఇంటర్నెట్ బిల్లు వసూలు చేసేవాడూ.

మరి ప్రోరెస్‌ను ఏజెన్సీలూ ఎడిటర్లూ అంతగా ఇష్టపడటం ఎందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2007లో ఆపిల్ తెచ్చిన ఈ కోడెక్‌లో ప్రతి ఫ్రేమూ విడిగా, పూర్తిగా ఉంటుంది. హెచ్.264లో చాలా ఫ్రేములు ముందువెనకల ఫ్రేములతో తేడాను మాత్రమే రాసుకుంటాయి. అందుకే ప్రోరెస్ ఎడిటింగ్‌కు హాయి. దాని అసలు ఉపయోగం తెలియాలంటే ఒక సాయంత్రపు ఆకాశాన్ని దగ్గరగా చూడాలి. రంగులు దిద్ది, మళ్లీ హెచ్.264లోనే తక్కువ బిట్‌రేటుకు ఎక్స్‌పోర్ట్ చేస్తే, నారింజ నుంచి ఊదాకు మెల్లగా జారాల్సిన చోట పట్టీలు పట్టీలుగా గీతలు కనిపిస్తాయి. కింద నీటి అలలు చిన్న చిన్న చతురస్రాలై చెదురుతాయి. రంగులు దిద్దినప్పుడు ఒక్కసారి ప్రోరెస్‌లో రాయడం ఆ నష్టాన్ని ఆపడానికే. ఏ మార్పూ చేయని క్లిప్పు అయితే, ఏజెన్సీ హెచ్.264 తీసుకుంటున్నప్పుడు కెమెరా ఫైలునే నేరుగా పంపొచ్చు. ఏజెన్సీ పరిశీలకుడు తిరగ్గొట్టేది మసకనూ, మచ్చలనూ చూసే. ఫైలు బరువు చూసి ముచ్చటపడి ఎవరూ పాస్ చేయరు.

కొనేవాళ్లలో అమెరికావాళ్లు ఉంటారు కదా, ఫ్రేమ్ రేటు 29.97కు మారిస్తే గిరాకీ పెరుగుతుందనే వాదన ఇంకొకటి. ఆ వింత అంకె అమెరికా టీవీ చరిత్ర మిగిల్చిన బాకీ. 1953లో అక్కడ రంగుల ప్రసార ప్రమాణాన్ని ఖరారు చేసినప్పుడు, రంగు సంకేతం శబ్ద సంకేతంతో గొడవపడకుండా 30ని దాదాపు వెయ్యింట ఒక వంతు తగ్గించారు. మన టీవీ లెక్క మొదటినుంచీ 25. ఆ 25ను 29.97కు సాగదీస్తే సెకనుకు దాదాపు 5 ఫ్రేములు ఎక్కడినుంచో రావాలి. సాఫ్ట్‌వేర్ ఉన్నవాటినే రెండోసారి చూపిస్తుంది, చార్మినార్ ముందు సాఫీగా పోతున్న ఆటోకు ఎక్కిళ్లు పట్టుకుంటాయి. పోనీ మొదటే 30లో తీద్దామంటే, కరెంటు మన 50 హెర్ట్జ్‌దే. ట్యూబ్‌లైట్ల కింద షట్టర్‌ను 60లో ఒక వంతు సెకనుకు పెడితే గోడ మీద నీడల పట్టీలు పాకుతాయి. 50లో ఒక వంతుకు పెట్టుకోవాలని తీసేటప్పుడే తెలియాలి. ఆ తర్వాత ఫార్మాట్ ఎన్నిసార్లు మార్చినా గోడ మీది పట్టీలు కదలవు.

4కెకు ధర ఎక్కువ పలుకుతుంది కదా, హెచ్‌డీని పెంచి పంపితే తప్పేమిటనే ఆశాజీవులూ ఉన్నారు. హెచ్‌డీ ఫ్రేములో 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లుంటే, 4కెలో దాదాపు 83 లక్షలు. అంటే పెంచిన వీడియోలో నాలుగింట మూడొంతులు సాఫ్ట్‌వేర్ ఊహాగానమే. ఊహాగానానికి పూర్తి ధర కట్టడానికి అవతలివాడు అల్లుడికి జాతకం చూపిస్తున్న మామగారు కాదు, వందశాతం జూమ్ చేసి చూసే పరిశీలకుడు.

అలాగని కన్వర్టర్‌ను వెలివేయమని నేను అనను. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటును పెంచుతూ తగ్గిస్తూ తీసిన వీడియోను ఒక స్థిరమైన రేటుకు తేవాలి. పాత క్యామ్‌కార్డర్ల ఇంటర్‌లేస్డ్ వీడియోలో కదిలే చేతికి దువ్వెన పళ్లు మొలిస్తే వాటిని సరిచేయాలి. ఏజెన్సీ ఒప్పుకోని పాత కోడెక్ అయితే మార్చక తప్పదు. ఇవి జబ్బుకు మందు. జబ్బు లేకుండా మందు మింగడం దగ్గరే నా పేచీ. అలా మిగిలిన రాత్రిని కీవర్డులకూ కాగితాలకూ కేటాయించుకోవడం మేలు. గుంటూరు మిర్చి యార్డులో ఎర్రటి గుట్టల మధ్య తుమ్ము ఆపుకుంటున్న హమాలీ ముఖాన్ని ఎంత గొప్పగా తీసినా, ఆయన సంతకం పెట్టిన అనుమతి పత్రం, అంటే మోడల్ రిలీజ్, లేనిదే ఆ క్లిప్పు వాణిజ్య ప్రకటనలకు పనికిరాదు. ఆ సంతకాన్ని ఎక్స్‌పోర్ట్ చేసే బటన్ ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు.